ఇరవై అయిదు డాలర్ల నోటు: ఒకే వేలంలో రెండు లాట్లు, ఒక కొనుగోలు

టొరంటోలో జరిగిన ఒక నాణేలు, నోట్ల వేలంలో 1935 నాటి 25 డాలర్ల కెనడా నోట్లు రెండు వచ్చాయి. ఒకటి గ్రేడింగ్ సంస్థ, అంటే నోటు స్థితిని చూసి అంకె ఇచ్చే సంస్థ, సీలు వేసిన ప్లాస్టిక్ కవరులో ఉంది. లేబుల్ మీద ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ 45 (70కి 45) అని రాసి ఉంది. రెండోదానికి ఏ లేబులూ లేదు. వేలం వాళ్లే చూసి కేటలాగులో, దానికి ఒక మెట్టు కింది గ్రేడైన ‘వెరీ ఫైన్’ అని ఒక్క మాట రాశారు. నా క్లయింటు కోసం నేను రెండోదాన్ని పాడి కొన్నాను. చేతిలో డబ్బుండి కూడా తక్కువ గ్రేడు నోటు వైపు ఎందుకు వెళ్లామో, ఎంతవరకు పాడాలో ఎలా లెక్కగట్టామో, తర్వాత గ్రేడింగుకు పంపితే ఏం వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను.

పాత కెనడా నోట్లు సేకరించే తెలుగువాళ్లు ఈమధ్య నన్ను తరచుగా అడుగుతున్నారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ‘గ్రేడు ఎంత?’ అనే ఉంటుంది. ‘కాగితం ఎలా ఉంది?’ అని అడిగేవాళ్లు అరుదు. ఈ కొనుగోలు మొత్తం ఆ రెండో ప్రశ్న మీదే నడిచింది.

ఈ నోటు కథ

బ్యాంక్ ఆఫ్ కెనడా 1935 మార్చి 11న మొదలైంది. మన రిజర్వు బ్యాంకు అదే ఏడాది ఏప్రిల్ 1న మొదలైంది. రెండింటికీ మూడు వారాలే తేడా. కానీ రిజర్వు బ్యాంకు పేరుతో నోట్లు 1938లో గానీ రాలేదు. కెనడా వాళ్లు మాత్రం తలుపులు తెరిచిన రోజే సొంత నోట్లు వదిలారు. అంతకుముందు అక్కడ ప్రభుత్వం వేసిన డొమినియన్ నోట్లు, చార్టర్డ్ బ్యాంకులు వేసుకున్న నోట్లు పక్కపక్కనే చలామణీ అయ్యేవి.

1935 సిరీస్‌లో ఇంగ్లీషు నోట్లు వేరు, ఫ్రెంచి నోట్లు వేరు. ఇంగ్లీషు వాటి మీద సిరీస్ ‘ఎ’ అని, ఫ్రెంచి వాటి మీద ‘ఎఫ్’ అని ఉంటుంది. ఒక డాలరు మీద ఐదో జార్జి, రెండు డాలర్ల మీద మేరీ రాణి, ఇరవై డాలర్ల మీద ఎనిమిదేళ్ల పిల్ల ఎలిజబెత్ కనిపిస్తారు. ఐదో జార్జి సింహాసనం ఎక్కి 25 ఏళ్లు నిండిన సందర్భంగా 1935 మే 6న 25 డాలర్ల నోటు వచ్చింది. ఊదా రంగులో ముందువైపు రాజూ రాణీ ఉంటారు, వెనకవైపు విండ్సర్ కోట ఉంటుంది. సంతకాలు ఇద్దరివి. ఒకరు తొలి గవర్నర్ గ్రాహం టవర్స్, మరొకరు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ నుంచి వచ్చి డిప్యూటీ గవర్నరైన ఆస్బోర్న్. రెండు భాషలూ ఒకే నోటు మీదికి తెచ్చిన 1937 సిరీస్‌లో 25 డాలర్ల నోటు లేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు కూడా.

2021 జనవరి 1 నుంచి ఈ నోటుకు చట్టబద్ధ చెల్లుబాటు లేదు. 1, 2, 500, 1000 డాలర్ల నోట్లకు కూడా అదే రోజు చెల్లుబాటు తీసేశారు. ‘అంటే విలువ పోయినట్టా?’ అని కొందరు కంగారుగా ఫోన్ చేస్తుంటారు. బ్యాంక్ ఆఫ్ కెనడాకు పంపితే ముఖవిలువ ఇప్పటికీ ఇస్తారు. సేకరణ విలువకు, ఆ 25 డాలర్లకు అసలు పోలికే లేదు.

ఈ కేసుకు అవసరమైన సంగతి ఇంకొకటి ఉంది. ఇది జ్ఞాపకార్థం వేసిన నోటు. అందుకే ఎందరో ఖర్చు పెట్టకుండా దాచుకున్నారు. దాచుకోవడమంటే ఆ రోజుల్లో ఆల్బంలు కావు, కవరులోనో పర్సులోనో మూడు నాలుగు మడతలు పెట్టి దాచడమే. నా చేతిమీదుగా పోయిన 25 డాలర్ల నోట్లలో ఎక్కువ భాగం అలాంటివే. వాటికి మురికి తక్కువ, కాగితం గట్టిగానే ఉంటుంది, కానీ ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోయిన మడతలు లోతుగా పడి ఉంటాయి. ఆ మూడు మడతలే లేకపోతే నోటు ఒక మెట్టు పైకి పోతుంది, ధర వేలల్లో పెరుగుతుంది. తడిపి, బరువు కింద నొక్కి, వేడి పెట్టి మడతలు మాయం చేసేవాళ్ల కళ్లు ముందుగా పడేది ఇలాంటి నోట్ల మీదే.

క్లయింటు, ఆయన అలవాట్లు

పెద్దాయనది వరంగల్. హామిల్టన్ ఉక్కు కర్మాగారంలో మెటలర్జిస్టుగా చేసి రిటైరయ్యారు. వాళ్ల నాన్నగారి పెట్టెలో దొరికిన నిజాం కాలపు ఉస్మానియా సిక్కా నోట్లతో ఆయనకు ఈ వ్యాపకం పట్టుకుంది. తర్వాత బ్రిటిష్ ఇండియా నోట్లు కొన్నారు. కెనడాలో ఇన్నేళ్లు బతికాక ఈ దేశం నోట్లు కూడా ఒక వరసలో ఉండాలని ఆయన కోరిక. 1935 సిరీస్‌లో ఒక డాలరు నుంచి ఇరవై డాలర్ల దాకా ఇంగ్లీషు నోట్లు అప్పటికే సంపాదించారు. వరసలో తర్వాతది ఈ 25.

భారతీయ నోట్లతో కన్ను అలవాటైనవాళ్లతో పనిచేసేటప్పుడు ఒక విషయం ముందే మాట్లాడుకోవాలి. మనకు బెజ్జాలు పెద్ద లోపంగా అనిపించవు. నోట్ల కట్టలకు స్టేపుల్ కొట్టడం 2001లో రిజర్వు బ్యాంకు మాన్పించేదాకా మన బ్యాంకుల్లో మామూలే కదా. గ్రేడింగ్ సంస్థలు కూడా భారతీయ నోట్లకు ‘జారీ నాటి స్టేపుల్ బెజ్జాలు’ అని లేబుల్ మీద రాసి మంచి అంకే ఇస్తాయి. కెనడా నోటుకు ఆ వెసులుబాటు లేదు. ఒక్క పిన్ను బెజ్జం ఉన్నా ఎవరో తర్వాత గుచ్చారనే అర్థం, దాన్నిబట్టి ధర తగ్గుతుంది. పెద్దాయన మొదట్లో ‘ఇంత చిన్నదానికా?’ అన్నారు. రెండు మూడు వేలాల్లో ధరలు చూశాక ఆయనే టార్చి పట్టుకుని బెజ్జాలు వెతకడం మొదలుపెట్టారు.

ఆయన నాకిచ్చిన షరతులు రెండే. ఒకటి, వెరీ ఫైన్ (వీఎఫ్)కు తగ్గకూడదు. రెండోది, కాగితం మీద ఎవరి చెయ్యీ పడి ఉండకూడదు. అన్ని ఖర్చులూ కలిపి 3,250 కెనడియన్ డాలర్ల చుట్టుపక్కల ఆగాలి. వేలం కేటలాగు వచ్చాక మాత్రం 45 అంకె చూసి ఆయన మనసు అటు లాగింది. ‘కవరులో ఉంది, నంబరుంది, ఇక అనుమానమేముంది? ఇంకో రెండువేలు పెడదాం బాబూ’ అన్నారు.

‘ముందు రెండూ చూసి వస్తాను సార్, తర్వాత మాట్లాడుకుందాం’ అన్నాను.

ప్రివ్యూలో చూసినవి

వేలానికి ముందు లాట్లను దగ్గరగా చూసే వీలు అందరికీ ఉంటుంది. ఆన్‌లైన్ ఫొటోలు ఎంత పెద్దవైనా నేను వాటి మీద ఆధారపడను. స్కానర్ వెలుతురు నోటు మీద నిటారుగా పడుతుంది. మడతలను దాచేది ఆ వెలుతురే. నాకు కావలసింది ఏటవాలు వెలుతురు. ఒక చిన్న ఎల్‌ఈడీ టార్చి, పది రెట్ల భూతద్దం, అల్ట్రావయొలెట్ దీపం, స్టీలు స్కేలు ఉంటే చాలు.

మొదట 45 నంబరు నోటు చూశాను. కవరు పైనుంచి చూస్తే అందంగా ఉంది. రంగు చక్కగా, మూలలు పదునుగా ఉన్నాయి. టార్చిని బల్లకు దాదాపు ఆనించి, వెలుతురు నోటు మీదుగా పాకేలా పెట్టాను. నిజమైన మడత ఉంటే అక్కడ చిన్న గట్టు, దాని వెనక నీడ కనబడాలి. గట్టు లేదు. భూతద్దంతో అదే చోట చూస్తే మూడు నిలువు గీతల వెంట ఊదా సిరా తెగిపోయి, తెల్లటి నూలుపోగులా కాగితం కనిపించింది. కాగితాన్ని నొక్కి చదును చేయొచ్చు గానీ, మడత మీద రాలిపోయిన సిరా తిరిగి రాదు. గట్టు లేకుండా సిరా తెగిన గీత కనిపిస్తే ఆ నోటును నొక్కారనే నేను లెక్క వేస్తాను.

తర్వాత ఉబ్బు. ఈ నోట్లు ఇంటాలియో పద్ధతిలో అచ్చయ్యాయి. చెక్కిన పలకలోని గాళ్లలో సిరా నింపి, తేమ కాగితాన్ని భారీ ఒత్తిడితో దాని మీద అదిమేవారు. అందువల్ల గీతలు ముందువైపు వేలికి తగిలేలా లేస్తాయి, వెనకవైపు ఆ మేరకు గుంటపడతాయి. క్రమసంఖ్య వేరే అచ్చుతో పడుతుంది. ఆ అంకెల ఒత్తిడి కూడా వెనకవైపు కనబడుతుంది. నొక్కిన నోటులో ఇవన్నీ ఒరిగిపోతాయి. 45 నోటును వెనక్కి తిప్పి టార్చి వేస్తే అంకెల జాడే లేదు. విండ్సర్ కోట ఉన్న భాగమంతా గాజు పలకలా చదునుగా ఉంది.

కాగితం రంగు కూడా ఆ వయసుకు ఉండాల్సిన దానికంటే తెలుపు. నోటు కాగితం తయారీలో జిగురులాంటి పదార్థం పట్టిస్తారు. పెళపెళలాడే గుణం దానివల్లే వస్తుంది. నీళ్లలో ముంచి కడిగితే, ఉతికిన పంచెలో గంజి పోయినట్టు, ఆ బిగువు పోతుంది. కవరులో ఉన్న నోటును వేళ్లతో తాకి ఆ బిగువు తెలుసుకునే వీల్లేదు. కవరులో ఉన్న నోటు కొనేవాళ్లు ఈ ఒక్క పరీక్షనూ వదులుకుంటున్నామని గుర్తుంచుకోవాలి.

లేబుల్ విషయానికొస్తే, దాని మీద 45 ఉంది గానీ కాగితం సహజంగా ఉందని చెప్పే మాట ఎక్కడా లేదు. అమెరికా గ్రేడింగ్ సంస్థ పీఎంజీ వాళ్లయితే అలాంటి నోటుకు ‘ఈపీక్యూ’ (ఎక్సెప్షనల్ పేపర్ క్వాలిటీ) అని రాస్తారు. కెనడాలోని బీసీఎస్ అనే గ్రేడింగ్ సంస్థ లేబుళ్ల మీద ‘ఒరిజినల్’ అని ఉంటుంది. పీఎంజీ నియమం ప్రకారం 65, ఆ పైన అంకె రావాలంటే ఈపీక్యూ తప్పనిసరి. కింది గ్రేడుల్లో తప్పనిసరి కాదు. కాబట్టి 45 దగ్గర ఆ మాట లేకపోతే దానికి రకరకాల కారణాలుండొచ్చు. లేకపోవడమే రుజువు కాదు. కానీ అక్కడ ఆగి ఇంకోసారి చూడాలి.

రెండో నోటును పారదర్శకమైన సాదా కవరులో పెట్టారు. అడిగితే తీసి ఇచ్చారు. చేతులు కడిగి, ఆరబెట్టుకుని, అంచులతో పట్టుకున్నాను. నాలుగు నిలువు మడతలు, మధ్యలో మెత్తటి అడ్డ మడత ఒకటి. మడతల గట్లు అలాగే నిలిచి ఉన్నాయి. రెండు మూలలు కాస్త గుండ్రబడ్డాయి. మడిచినప్పుడు బయటికి ఉండిన పలక వెనకవైపు లేత గోధుమరంగు మురికి ఉంది. మిగతా పలకల మీద లేదు. నాకు బాగా నచ్చింది ఆ మురికే. నోటును కడిగి ఉంటే మురికి అంతటా ఒకేలా పలచబడేది. ఒక పలక మీద మాత్రమే, మడత గీత దగ్గర ఖచ్చితంగా ఆగిపోయి ఉందంటే, ఆ నోటు ఎలా దాచి పెట్టారో అలాగే నా చేతికి వచ్చిందన్నమాట.

వెనకవైపు క్రమసంఖ్య అంకెలు ఒక్కొక్కటి చదవగలిగేంత ఉబ్బి ఉన్నాయి. దీపానికి అడ్డంగా పట్టి చూస్తే బెజ్జాలు లేవు, చిరుగు లేదు, పలచబడిన చోటు లేదు. అల్ట్రావయొలెట్ కింద అంతా ఒకే మందమైన రంగు. ఈ పరీక్ష 1935 నోటుకు బాగా పనికొస్తుంది. కాగితాన్ని తళతళలాడించే రసాయనాలు వాడుకలోకి వచ్చింది ఆ తర్వాతే. అప్పటి కాగితం ఆ దీపం కింద మెరవకూడదు. ఎక్కడైనా నీలితెలుపు మచ్చ మెరిస్తే సబ్బు తగిలిందనో, చిరుగును కొత్త కాగితంతో పూడ్చారనో అనుమానించాలి. కొలత కూడా సరిపోయింది. 1935 నోట్లు ఆరు అంగుళాల పొడవు, 2⅞ అంగుళాల వెడల్పు ఉంటాయి. గుండ్రబడ్డ మూలలను పదును చేయడానికి అంచులు కత్తిరించేవాళ్లుంటారు, అందుకే స్కేలు. పైమార్జిన్ సన్నంగా ఉంది గానీ అది అచ్చు వేసినప్పటి తేడా. కింది మార్జిన్ ఆ మేరకు ఎక్కువగా ఉంది, మొత్తం వెడల్పు తగ్గలేదు.

పాత కేటలాగులో దొరికింది

ప్రతి నోటుకూ క్రమసంఖ్య ఉంటుంది, దాన్ని ఎవరూ నొక్కి మార్చలేరు. అందుకే నేను పాత వేలం కేటలాగులు పారేయను. అచ్చయినవి అలమరలో ఉంటాయి, ఆన్‌లైన్‌లో ఉన్నవాటి బొమ్మలు కూడా దాచుకుంటాను. ఈ రెండు నోట్ల సంఖ్యలూ పట్టుకుని ఆ సాయంత్రం కూర్చున్నాను.

మన వీఎఫ్ నోటు ఎక్కడా కనిపించలేదు. అది మామూలే, కుటుంబాల దగ్గర నుంచి నేరుగా వచ్చే నోట్లు చాలానే ఉంటాయి. 45 నోటు మాత్రం దొరికింది. చాలా ఏళ్ల కిందటి ఒక కేటలాగులో అదే సంఖ్యతో, లేబుల్ లేకుండా, ‘వెరీ ఫైన్’ అన్న వర్ణనతో ఉంది. ఫొటోలో మూడు నిలువు మడతలు స్పష్టంగా ఉన్నాయి. కుడివైపు కింది మూలలో గోధుమరంగు మరక ఉంది. ఇప్పటి నోటులో ఆ మూల దగ్గర కాగితం మిగతా భాగం కంటే ఒక ఛాయ తెల్లగా ఉన్నట్టు నేను ముందే రాసుకున్నాను. అది మరక తీసిన చోటు.

రెండు బొమ్మలూ వేలం సంస్థ ప్రతినిధికి చూపించాను. గ్రేడు మూడో పక్షం ఇచ్చిన అభిప్రాయమనీ, కవరులో ఉన్న నోట్లకు వాపసు లేదనీ అన్నారు. నియమావళిలో ఆ మాట ముందే ఉంది. లేబుల్ లేని లాట్లకైతే, వర్ణనలో చెప్పని మరమ్మతు బయటపడితే గడువులోగా వాపసు తీసుకునే నియమం ఉంది. ఈ తేడా చాలామంది గమనించరు. లేబుల్ ఉంటే భద్రత ఎక్కువనుకుంటాం, కానీ ఈ విషయంలో లేబుల్ లేని నోటు కొన్నవాడికే కాస్త ఎక్కువ రక్షణ ఉంది.

నోటును నొక్కడం మహానేరమని నేను అనను. చిరిగి ముక్కలవుతున్న అరుదైన నోటును నిలబెట్టడానికి నిపుణులు చేసే సంరక్షణ వేరే సంగతి. ఆ పని చేసిన విషయం చెప్పి అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు. చెప్పకుండా, పై మెట్టు ధరకు అమ్మడానికి చేసినప్పుడు అది కొనేవాణ్ని మోసం చేయడమే. పైగా నోటుకు జరిగిన నష్టం శాశ్వతం. అచ్చు యంత్రం ఇచ్చిన ఉబ్బు ఒకసారి పోతే మళ్లీ రాదు. అలా ఉన్నది ఉన్నట్టుగా మిగిలే నోట్ల సంఖ్య ఏటేటా తగ్గుతూనే ఉంటుంది. నాకు బాధ కలిగించేది ధరలో జరిగే మోసం కన్నా ఈ నష్టమే.

రెండు ఫొటోలు, నా నోట్స్ పెద్దాయనకు పంపాను. రాత్రి ఫోన్ చేశారు. ‘పాలిష్ పట్టి పగులు దాచిన ముక్కలా ఉంది ఇది. ఉద్యోగంలో ఇలాంటివి ఎన్ని వెనక్కి పంపానో’ అన్నారు. ఆ తర్వాత 45 ఊసు మా మధ్య రాలేదు.

ఎంతవరకు పాడాలి

వేలంలో కొట్టిన ధర వేరు, జేబులోంచి పోయే డబ్బు వేరు. ఈ వేలంలో కొనుగోలుదారు ప్రీమియం, అంటే కొన్నవాళ్లు వేలం సంస్థకు అదనంగా కట్టేది, 20 శాతం. ఆ మొత్తం మీద ఆంటారియో అమ్మకపు పన్ను హెచ్‌ఎస్‌టీ 13 శాతం. ‘డబ్బు మీద పన్నేమిటి?’ అని అడుగుతారు. ముఖవిలువకు మించి, సేకరణ విలువ కోసం అమ్మే నోటును కెనడా పన్ను చట్టం డబ్బుగా చూడదు, సరుకుగానే చూస్తుంది. అల్బర్టాలో ఉన్నవాళ్లకు పార్సిల్ అక్కడికి వెళితే 5 శాతం జీఎస్‌టీయే పడుతుంది. కాబట్టి హామిల్టన్ వాడికీ కాల్గరీ వాడికీ ఒకే పాట ఒకే ఖర్చు కాదు.

లెక్క ఇలా వేశాం. ప్రతి 100 డాలర్ల పాటకు ప్రీమియంతో 120, పన్నుతో 135.60. పెద్దాయన పెట్టిన 3,250ని దీనితో భాగిస్తే 2,400కు ఒక ముక్క తక్కువ వస్తుంది. 2,400 దగ్గర ఆగితే మొత్తం 3,254.40. అదే మా హద్దు. నోటుకు ఆ ధర తగినదేనా అని తేల్చుకోవడానికి నేను కెనడా నోట్ల ధరల పుస్తకమైన చార్ల్‌టన్ కేటలాగు ధరలను దారి చూపే గుర్తులుగా మాత్రమే వాడతాను. ఏ నోటు దేనికన్నా ఎంత అరుదో, గ్రేడుకూ గ్రేడుకూ మధ్య నిష్పత్తి ఎంతో దాన్నిబట్టి తెలుస్తుంది. అసలు ధర కోసం ఇటీవలి వేలాల్లో నిజంగా పలికినవి చూడాలి. వాటిలో కూడా ఫొటో చూసి, కాగితం సహజంగా ఉన్నవాటిని, నొక్కినవాటిని రెండు వరసలుగా విడదీసుకోవాలి. ఆ పని చేస్తే, నొక్కిన ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్‌కూ సహజమైన వీఎఫ్‌కూ మధ్య ఉండాల్సిన తేడా, లేబుల్ చూసి జనం ఇస్తున్న తేడా కంటే చాలా చిన్నదని అర్థమవుతుంది.

ఇలా విడదీసేటప్పుడు గ్రేడింగ్ సంస్థల జనాభా పట్టికలను ఒక హెచ్చరికతో చదవాలి. ఫలానా గ్రేడులో ఇన్ని నోట్లున్నాయని ఆ పట్టిక చెబుతుంది. కానీ ఒకే నోటును కవరు కోసి తీసి, ఇంకో అంకె వస్తుందేమోనని మళ్లీ పంపేవాళ్లుంటారు. పాత లేబుల్ వెనక్కి పంపకపోతే ఆ నోటు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

పాట

45 నోటు ముందు వచ్చింది. 3,700 దగ్గర సుత్తి పడింది. కొన్నవారికి అన్నీ కలిపి 5,017.20 అయి ఉంటుంది, ఆంటారియోలోనే ఉంటే. వెంటనే మన లాటు. 1,600 దగ్గర మొదలై వంద వంద చొప్పున ఎక్కింది. ఆన్‌లైన్‌లో ఇద్దరు పోటీ పడ్డారు. వాళ్లలో ఒకరు ఆగేదాకా నేను కార్డు ఎత్తలేదు. ముందే దూకితే, ఇంకో మనిషికి ఈ నోటు మీద ఆశ ఉందని ఇద్దరికీ చెప్పినట్టవుతుంది. 2,100 దగ్గర ఒకరు తప్పుకున్నారు, 2,200కు నేను కార్డు ఎత్తాను. గదిలోంచి కాదు, ఫోన్‌లోంచి ఇంకెవరో పాడతారేమోనని కాసేపు వేలంపాటదారు ఆగారు. రెండో ఆన్‌లైన్ వ్యక్తి నాకన్నా ముందే 2,200 నొక్కేసి ఉండడంతో ఆ 2,200 పాట వాళ్ల పేరునే పడింది. నేను 2,300 అన్నాను. అక్కడితో సుత్తి పడింది. మొత్తం 3,118.80.

గ్రేడింగుకు పంపడం

నోటు చేతికి రాగానే పెద్దాయన అడిగిన మొదటి మాట: ‘బరువైన పుస్తకం కింద నాలుగు రోజులు పెడితే ఈ మడతలు కొంచెం సర్దుకోవా?’ సర్దుకుంటాయి. కాకపోతే ఏ కారణంతో ఆ 45 నోటు వదిలేశామో అదే పని మనం మొదలుపెట్టినట్టవుతుంది. ఆయనకు విప్పి చెప్పాల్సిన అవసరం రాలేదు, అడిగిన మరుక్షణమే ‘సరే సరే, వద్దులే’ అన్నారు.

అసలు గ్రేడింగు చేయించాలా వద్దా అన్నది విడిగా ఆలోచించాం. కెనడా నోట్ల పాత సేకర్తలు చాలామంది ఇప్పటికీ లేబుల్ లేని నోట్లనే ఇష్టపడతారు. చేతిలో పట్టుకుని చూడొచ్చు, ఆల్బంలో పెట్టుకోవచ్చు. పెద్దాయనకూ అదే ఇష్టం. కానీ ఆయన పిల్లలిద్దరికీ నోట్ల గురించి ఏమీ తెలియదు. రేపు వాళ్లు అమ్మాల్సి వస్తే, ఏ దుకాణంవాడో ‘మామూలు వీఎఫ్ అమ్మా’ అంటే నమ్మేస్తారు. వాళ్ల కోసమే పంపాలని నిర్ణయించారు. నా దృష్టిలో గ్రేడింగుకు ఇంతకన్నా మంచి కారణం లేదు. ఇంత ధర నోటుకు లేబుల్ వల్ల పెరిగే విలువ ఫీజు, బీమా, రవాణా ఖర్చులకు సరిపోతే గొప్ప.

ఫ్లోరిడాలోని పీఎంజీకి పంపాం. 1 నుంచి 70 దాకా ఉండే ఈ కొలమానం, 1949లో విలియం షెల్డన్ అమెరికా పాత ‘పెద్ద సెంటు’ నాణేల కోసం తయారుచేసిన దాన్నుంచి వచ్చింది. నోట్లలో ప్రధానంగా మడతల సంఖ్య, అవి అచ్చు బొమ్మను దాటుతున్నాయా లేదా అన్నది చూస్తారు. బొమ్మను దాటే ఒక్క మడత ఉన్నా పీఎంజీలో 58కి పైన దొరకదు. మన నోటుకు నాలుగు నిలువు, ఒక అడ్డం. పెద్దాయన 35 రావాలని కోరుకున్నారు. నేను 30, 35 రెండిటికీ అవకాశం ఉందన్నాను.

వెరీ ఫైన్ 30, ఈపీక్యూ అని వచ్చింది. అడ్డ మడత, వెనకవైపు పలక మీది మురికి కలిసి 35ను ఆపాయని నా అంచనా. పెద్దాయన ఒకపూట చిన్నబుచ్చుకున్నారు. మర్నాడు మళ్లీ ఫోన్ చేసి, ‘ఆ మూడు అక్షరాలు వచ్చాయి కదా, అది చాలు’ అన్నారు. కాగితం మీద చెయ్యి పడకూడదన్నదే ఆయన షరతు. దాని గురించి రెండో అభిప్రాయం కూడా ఇప్పుడు రాతపూర్వకంగా ఉంది.

భద్రపరచడం, రికార్డు

పంపడానికి ముందే నోటుకు ముందూ వెనకా ఫొటోలు తీశాను. నిటారు వెలుతురులో ఒక జత, ఏటవాలు వెలుతురులో ఒక జత, స్కేలు పక్కన పెట్టి ఒకటి. బిల్లు, కేటలాగు పేజీ, నా ప్రివ్యూ నోట్స్, ఈ ఫొటోలు కలిపి ఒక ఫైలు ఆయన పిల్లలకు ఇచ్చాను. ఎప్పుడో ఎవరో ఈ నోటును కవరు కోసి తీసి నొక్కినా, ఈ సంఖ్య గల నోటు ఒకప్పుడు ఎలా ఉండేదో చూపించే బొమ్మ ఉండాలి. పాత కేటలాగు బొమ్మ ఒకటి లేకపోతే ఈ వేలంలో మా అనుమానం అనుమానంగానే మిగిలేది.

నోటు బ్యాంకు లాకరులో ఉంది. ఇంట్లో పెట్టుకునేవాళ్లకు ఒక మాట. పీవీసీ కవర్లు వాడకండి, అవి కాలం గడిచేకొద్దీ జిగటగా మారి కాగితాన్ని పాడుచేస్తాయి. మైలార్ లాంటి పాలిస్టర్ కవర్లు వాడండి. ఇక్కడ చలికాలంలో హీటింగు వల్ల గాలి బాగా పొడిబారుతుంది. మన కోస్తా ఊళ్లలో ఉక్కపోతకు నోట్ల మీద తుప్పురంగు చుక్కలు పడతాయి. రెండు చోట్లా సేకరణ ఉన్నవాళ్లు రెండిటినీ ఒకే పద్ధతిలో దాచకూడదు.

పెద్దాయన ఇప్పుడు ఫ్రెంచి 25 అడుగుతున్నారు. అది ఇంగ్లీషు దానికంటే అరుదు, ధరా ఎక్కువే. షరతుల్లో ఒకటి చేర్చుకున్నాం. లేబుల్ ఉండి, కాగితం సహజమన్న మాట లేకపోతే, పాత బొమ్మ దొరికితే తప్ప పాడకూడదు. ఆ తర్వాత ఒక వేలంలో 40 నంబరుతో ఒకటి వచ్చింది. పాత కేటలాగుల్లో దాని సంఖ్య లేదు. కవరు మీదే స్కేలు ఆనించి కొలిస్తే వెడల్పు కొట్టొచ్చినట్టు తక్కువగా ఉంది, పైమార్జిన్, కింది మార్జిన్ రెండూ సన్నగా ఉన్నాయి. ఆ లాటుకు మేం పాడలేదు.